రెస్టిక్‌తో నాలుగేళ్లు: పోయిన మంగళవారానికి వెళ్లి ఫైలు తెచ్చుకోవచ్చు

రెస్టిక్ అంటే బ్యాకప్పులు తీసే సాఫ్ట్‌వేర్. ఎన్‌క్రిప్షన్ (పాస్‌వర్డ్ లేనివాళ్లు చదవలేకుండా చెయ్యడం), డీడూప్లికేషన్ (ఒకే ముక్కని రెండుసార్లు దాచకపోవడం) సంగతులు అందరూ చెప్పేవే, వదిలేస్తున్నా. నాకు నచ్చింది 'మౌంట్' అనే ఒక్క కమాండు. అది కొట్టగానే ఎక్కడో దూరంగా దాచిన బ్యాకప్పులన్నీ తారీఖుల పేర్లతో ఫోల్డర్లుగా తెరుచుకుంటాయి. కావలసిన రోజులోకి వెళ్లి, కావలసిన ఫైలు ఒక్కటే తెచ్చుకోవచ్చు.

మాది మలక్‌పేటలో చిన్న ట్యాక్స్ ఆఫీసు. 2020 అక్టోబరు వానలకు సెల్లార్‌లోకి నీళ్లొస్తుంటే సర్వర్‌ని మెట్లెక్కించి పైకి మోసుకెళ్లాం. సగం మెట్ల మీద గుర్తొచ్చింది, బ్యాకప్ హార్డ్‌డిస్కు కూడా కిందే, అదే రాకులో ఉందని. అది తడవకుండా దొరికింది గానీ ఆ టెన్షన్ చాలు. మరుసటి జనవరిలో రెస్టిక్ పెట్టి, ముంబైలోని క్లౌడ్ స్టోరేజీకి పంపడం మొదలుపెట్టా. ఆరు వందల జీబీ, శనివారం సాయంత్రం మొదలెడితే సోమవారం పొద్దునకి ఎక్కింది. ఆ తర్వాత మారిన ముక్కలే వెళ్తాయి కాబట్టి రోజూ పది నిమిషాల పని. 2022 నవంబరులో అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌కి హైదరాబాద్ రీజియన్, అంటే ఇక్కడే డేటా సెంటర్లు, వచ్చాక, "దగ్గరే కదా బావా, మార్చెయ్" అన్నాడు మా బావమరిది. దగ్గరుండకూడదనే కదా ఇదంతా!

2023 జులై 19. మర్నాడే జీఎస్టీ 3బి రిటర్నుల దాఖలుకు ఆఖరు రోజు. సాయంత్రం నాలుగింటికి మా కుర్రాడొకడు, "సార్, ఫైళ్ల పేర్లన్నీ మారిపోతున్నాయి సార్" అన్నాడు. ఇన్వాయిస్ అనుకుని మెయిల్లో వచ్చినదేదో తెరిచాడు. అది రాన్సమ్‌వేర్, ఫైళ్లకి తాళమేసి డబ్బులడిగే రకం. షేర్డ్ ఫోల్డర్‌లో సగం అప్పటికే తాళాలు పడిపోయాయి. ముందు నెట్‌వర్క్ స్విచ్‌లోంచి కేబుళ్లన్నీ పీకేశాం. తర్వాత నా ల్యాప్‌టాప్‌ని ఫోన్ నెట్‌కి తగిలించి మౌంట్ కొట్టా. ఆ రోజు మధ్యాహ్నం రెండింటి ఫోల్డర్ కనబడింది. లెక్కలు రాసే ట్యాలీ డేటా తెరిచి చూస్తే, భోజనానికి లేచే ముందు కొట్టిన ఆఖరి వోచరు కూడా ఉంది. కుర్చీలో అప్పుడు కూర్చున్నా. మొత్తం దించకుండా, మర్నాటికి కావలసిన పదకొండు జీబీ మాత్రం తెచ్చుకున్నాం. రెండు గంటల ఎంట్రీలు మళ్లీ కొట్టి, రిటర్నులు టైముకే వేశాం.

ఇందులో అదృష్టం పాలు కూడా ఉందని తర్వాత అర్థమైంది. క్లౌడ్ స్టోరేజీలోకి వెళ్లే తాళంచెవులు సర్వర్‌లో రూట్ (అడ్మిన్) ఖాతా దగ్గరే ఉన్నాయి, ఆ కుర్రాడి కంప్యూటర్‌కి అందలేదు. సర్వరే దొరికిపోయి ఉంటే, ఆ దొంగలు వాటితోనే బ్యాకప్పులూ చెరిపేసేవాళ్లు. అందుకే ఇప్పుడు స్టోరేజీ వైపు వెర్షనింగ్ (చెరిపినా పాత కాపీ మిగిలే ఏర్పాటు) పెట్టి, పాత వెర్షన్లు చెరిపే హక్కు సర్వర్‌కి లేకుండా చేశా.

ఇంకో పరువు తక్కువ సంగతి. 2024 మేలో ఒక స్నేహితుడికి ఈ మౌంట్ గురించి గొప్పలు చెప్తూ తెరిచి చూపిస్తే, ఆఖరి తారీఖు పంతొమ్మిది రోజుల కిందటిది! ఆదివారం పాతవి ఏరేసే 'ప్రూన్' నడుస్తుండగా కరెంటు పోయింది, యూపీఎస్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. పని మధ్యలో ఇంకేదీ వేలు పెట్టకుండా ప్రూన్ వేసుకున్న లాక్ అలాగే మిగిలిపోయి, ప్రతిసారీ బ్యాకప్పు గుమ్మం దగ్గరే ఆగిపోయింది. ఎర్రర్ మెయిళ్లు వచ్చాయి, పాపం. నేను తెరవని ఇన్‌బాక్స్‌కి. 'అన్‌లాక్' కొడితే ఒక్క క్షణంలో తీరింది. ఇప్పుడు బ్యాకప్పు అయితేనే పొద్దున ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. రాకపోతే ఆ రోజు కాఫీ కన్నా ముందు సర్వరే.

అందరూ పెట్టుకోమని చెప్పను. నాకు టెర్మినల్‌లో కమాండ్లు కొట్టడం అలవాటుంది, మా సర్వర్ లినక్స్. విండోస్‌లో బ్యాకప్పు నడుస్తుంది గానీ ఈ మౌంట్ పనిచెయ్యదు, అది లేకపోతే నాకీ ముచ్చటే లేదు. పాస్‌వర్డ్ పోతే డేటా పోయినట్టే, తెరిచిపెట్టే నాథుడు లేడు. మాది కాగితం మీద రాసి ఒకటి బ్యాంకు లాకర్లో, ఒకటి వనస్థలిపురంలో బావమరిది ఇంట్లో పెట్టాం. ఆ కాగితం ఏ డబ్బాలో పెట్టాడో ఈ దసరాకి వెళ్లినప్పుడు అడగాలి.