ఉబుంటు మెయిన్‌లైన్ కెర్నల్ బిల్డ్‌లు: రోగ నిర్ధారణకు భేష్, రోజువారీ వాడకానికి వద్దు

కెర్నల్ ఊప్స్ (కెర్నల్‌లో లోపం ఎదురైందని లాగ్‌లో పడే ఎర్రర్) వస్తోందనో, ల్యాప్‌టాప్ సస్పెండ్ నుంచి లేవడం లేదనో బగ్ రిపోర్ట్ పెడితే ముందు ఎదురయ్యే ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే: తాజా మెయిన్‌లైన్‌లో, అంటే ఉబుంటు మార్పులు కలవని అసలు లైనక్స్ కెర్నల్‌లో, కూడా వస్తోందా? కెర్నల్‌ను సొంతంగా కంపైల్ చేసుకోకుండానే దీనికి జవాబు చెప్పడానికి ఉబుంటు కెర్నల్ టీమ్ మెయిన్‌లైన్ కెర్నల్‌ను నేరుగా ఇన్‌స్టాల్ చేసుకోగల డెబ్ ప్యాకేజీలుగా తయారుచేసి పెడుతోంది. లైనస్ టోర్వాల్డ్స్ వదిలే ఆర్‌సీలు (విడుదలకు ముందటి పరీక్ష వెర్షన్లు), స్టేబుల్ టీమ్ వదిలే వెర్షన్లు రెండూ ఇందులో దొరుకుతాయి. సోర్స్‌లో ఉబుంటు ప్యాచ్‌లు ఉండవు, కాన్ఫిగ్ (ఏ ఫీచర్లు చేర్చాలన్న సెట్టింగ్‌లు) మాత్రం ఉబుంటుదే. దీని ఉపయోగమంతా అక్కడే ఉంది, చిక్కులూ అక్కడి నుంచే మొదలవుతాయి.

డౌన్‌లోడ్‌కు ముందు లాగ్ చూడాలి. జర్నల్‌సీటీఎల్ -కె -బి -1 కమాండ్ క్రితం బూట్‌లోని కెర్నల్ మెసేజ్‌లు చూపిస్తుంది. అందులో మొట్టమొదటి ఊప్స్‌నే పట్టించుకోండి, తర్వాతివి చాలాసార్లు దాని పర్యవసానాలే. 'టెయింటెడ్' అన్న లైన్‌లో పీ అక్షరం ఉంటే ప్రొప్రైటరీ మాడ్యూల్, ఓ ఉంటే కెర్నల్ ట్రీ బయటి మాడ్యూల్ లోడ్ అయిందని అర్థం. అవి లేకుండా ఎర్రర్ మళ్లీ రప్పించగలిగితేనే అప్‌స్ట్రీమ్ వాళ్లు (అసలు కెర్నల్ డెవలపర్లు) వింటారు. మెషీన్ పూర్తిగా బిగుసుకుపోతే జర్నల్‌లో ఏమీ మిగలకపోవచ్చు, అప్పుడు /వార్/లిబ్/సిస్టమ్‌డీ/పీస్టోర్ ఫోల్డర్‌లో వెతకండి. ఊప్స్ ప్రతిసారీ సంబంధం లేని వేరే ఫంక్షన్‌లో వస్తోందా? ముందు ర్యామ్‌ను అనుమానించి మెమ్‌టెస్ట్86+ నడపండి. పాడైన ర్యామ్‌ను ఏ కొత్త బిల్డూ బాగుచేయదు.

ఏఎండీ64 (మామూలు 64-బిట్ ఇంటెల్, ఏఎండీ మెషీన్లు) కోసం ఉండే జెనరిక్ ప్యాకేజీలు నాలుగు: హెడర్స్ రెండు, ఇమేజ్-అన్‌సైన్డ్ ఒకటి, మాడ్యూల్స్ ఒకటి. నాలుగూ దించి డీపీకేజీ -ఐ కొట్టమని చాలామంది సలహా ఇస్తారు. పరీక్షకైతే ఇమేజ్, మాడ్యూల్స్ రెండూ చాలు. హెడర్స్ అవసరం డీకేఎంఎస్‌కే, అంటే ఎన్విడియా, వర్చువల్‌బాక్స్ లాంటి మాడ్యూళ్లను అక్కడికక్కడ కంపైల్ చేయడానికే. హెడర్స్ కూడా వేస్తే రెండు రకాల తలనొప్పి. పాత ఎల్‌టీఎస్ (దీర్ఘకాల సపోర్ట్ ఉన్న ఉబుంటు)లో లేని కొత్త లిబ్‌సీ6 లైబ్రరీ వెర్షన్ అడిగి ఇన్‌స్టాల్ ఆగిపోవచ్చు. లేదా కొత్త కెర్నల్ ఏపీఐకి పాత డ్రైవర్ సరిపడక డీకేఎంఎస్ బిల్డ్ ఫెయిలై ప్యాకేజీ సగం కాన్ఫిగర్ అయి మిగులుతుంది, ఆపైన ఆప్ట్ ప్రతిసారీ అదే గొడవ చేస్తుంది. ఎర్రర్ ఎన్విడియా డ్రైవర్‌తో ముడిపడిందైతే తప్ప హెడర్స్ జోలికి వెళ్లకండి.

ప్యాకేజీ పేరులోనే 'అన్‌సైన్డ్' అని ఉన్నా చాలామంది గమనించరు. సంతకం ఉన్న కెర్నల్‌నే బూట్ కానిచ్చే సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే గ్రబ్ (బూట్ లోడర్) 'బ్యాడ్ షిమ్ సిగ్నేచర్' అని, ఆ వెంటనే 'యూ నీడ్ టు లోడ్ ద కెర్నల్ ఫస్ట్' అని చెప్పి ఆగిపోతుంది. ఇది మీరు వెతుకుతున్న బగ్ కాదు. పరీక్ష అయ్యేదాకా ఫర్మ్‌వేర్ (బయోస్) సెట్టింగ్స్‌లో సెక్యూర్ బూట్ ఆపేయండి. డిస్క్ ఎన్‌క్రిప్షన్ కీ టీపీఎం (సెక్యూరిటీ చిప్)లో ఉంటే రికవరీ కీ దగ్గర పెట్టుకున్నాకే ఆ పని చేయండి.

ఇంతకన్నా పెద్ద గండం జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్‌సిస్టమ్. ఉబుంటు సొంత కెర్నల్‌తో జెడ్‌ఎఫ్‌ఎస్ మాడ్యూల్ వస్తుంది, మెయిన్‌లైన్ బిల్డ్‌లో రాదు. రూట్ ఫైల్‌సిస్టమ్ జెడ్‌ఎఫ్‌ఎస్ మీద ఉన్న మెషీన్ ఈ కెర్నల్‌తో బూట్ కాదు. అలాంటివాళ్లకు ఈ సర్వీసు పనికిరాదనే చెప్పాలి. ఇక /బూట్ వేరే పార్టిషన్‌గా ఉంటే ముందు డీఎఫ్ -హెచ్‌తో ఖాళీ చూసుకోండి. బూట్ మొదట్లో లోడయ్యే ఇనిట్‌ఆర్ఏఎంఎఫ్ఎస్ ఫైల్ ఒక్కటే 100 ఎంబీ దాటవచ్చు, చోటు చాలక మధ్యలో ఆగితే ఆ కెర్నల్ బూట్ కాకుండా పోతుంది.

ఏ వెర్షన్ పరీక్షించాలన్నది అసలు విషయం. అందరూ తాజా ఆర్‌సీ ఒక్కటి వేసి, ఎర్రర్ పోతే 'అప్‌స్ట్రీమ్‌లో సరిచేశారు' అని రాసేస్తారు. అది సగం జవాబే. తప్పు ఉబుంటు ప్యాచ్‌లదే కావచ్చుగా? /ప్రాక్/వెర్షన్_సిగ్నేచర్ ఫైల్ తెరిస్తే ఉబుంటు వెర్షన్ పక్కనే దాని ఆధారమైన అప్‌స్ట్రీమ్ వెర్షన్ ఉంటుంది. ఉదాహరణకు ఉబుంటు 24.04లోని 6.8.0-31 దగ్గర 6.8.1 అని కనిపిస్తుంది. ముందు ఆ 6.8.1 మెయిన్‌లైన్ బిల్డ్ పరీక్షించండి. అందులో ఎర్రర్ లేకపోతే అనుమానం ఉబుంటు ప్యాచ్‌ల మీదికి మళ్లుతుంది. అందులో ఉండి తాజా బిల్డ్‌లో లేకపోతే అప్పుడు నిజంగా అప్‌స్ట్రీమ్‌లో సరైనట్టు. అన్నట్టు, అప్‌స్ట్రీమ్‌లో 6.8 సిరీస్ 2024 మేలో 6.8.12తో ముగిసింది. ఆ తర్వాతి సవరణలను ఆ కెర్నల్‌లోకి తెచ్చే బాధ్యత ఉబుంటుదే కాబట్టి ఈ తేడా తేల్చి చెబితే వాళ్ల పని చాలా తేలికవుతుంది.

వెనకటి వెర్షన్లను అలాగే ఉంచడం ఈ సర్వీసులో మెచ్చుకోవాల్సిన సంగతి. 6.8లో బాగుండి 6.9లో చెడిందంటే మధ్యలో పది వేలకు పైగా కమిట్లు (కోడ్ మార్పులు) ఉంటాయి, నేరుగా గిట్ బైసెక్ట్ (సగం సగం తగ్గిస్తూ తప్పు మార్పును పట్టే పద్ధతి) మొదలుపెడితే పద్నాలుగుసార్లు దాకా కంపైల్ చేయాలి. దానికి బదులు 6.9-ఆర్‌సీ1 వేసి చూడండి. మర్జ్ విండోలో (కొత్త మార్పులను చేర్చుకునే గడువులో) వచ్చిన మార్పులన్నీ అందులోనే ఉంటాయి కనుక తప్పు అక్కడే దొరికే అవకాశం ఎక్కువ. ఆర్‌సీ1 బాగుంటే ఆర్‌సీ4, ఆ తర్వాత ఫలితాన్ని బట్టి ముందుకో వెనక్కో సగం సగం జరగండి. రెండు ఆర్‌సీల మధ్యకు వస్తే మిగిలేవి కొన్ని వందల కమిట్లే.

ఫలితం తారుమారు చేసే ఇంకొకటి పరికరాల ఫర్మ్‌వేర్, అంటే వాటిలోకి డ్రైవర్ ఎక్కించే కోడ్. కొత్త కెర్నల్ కొత్త ఫర్మ్‌వేర్ ఫైళ్లు అడుగుతుంది, లేకపోతే డీమెసేజ్ (కెర్నల్ లాగ్)లో 'ఫెయిల్డ్ విత్ ఎర్రర్ -2' అని పడుతుంది. ఫైల్ దొరకలేదని దానర్థం. ఇంటెల్ వైఫై డ్రైవర్ కొత్త ఫైల్ నుంచి పాతదానికి వరసగా ప్రయత్నిస్తుంది, చివరికి ఏదో ఒకటి లోడైతే పైన ఉన్న ఆ లైన్లను వదిలేయవచ్చు. ఏఎండీ గ్రాఫిక్స్ డ్రైవర్ ఏఎండీజీపీయూలో మాత్రం ఒక్క ఫైల్ లేకపోయినా స్క్రీన్ రాకపోవచ్చు, దాన్ని కొత్త కెర్నల్ బగ్ అనుకోకండి.

లోపాల సంగతికొస్తే, కొన్ని వెర్షన్ల ఫోల్డర్ ఉంటుంది గానీ బిల్డ్ ఫెయిలవడంతో ఏఎండీ64 ప్యాకేజీలుండవు. పక్క వెర్షన్‌తో సర్దుకోవాలి. సెక్యూరిటీ అప్‌డేట్లు ఆప్ట్ ద్వారా రావు. ఉబుంటు జోడించే యాప్‌ఆర్మర్ (యాప్‌లకు హద్దులు పెట్టే సెక్యూరిటీ వ్యవస్థ) ప్యాచ్‌లు లేనందున స్నాప్ యాప్‌ల కట్టడి కూడా సడలుతుంది. ఇంకో మెలిక గ్రబ్‌లో ఉంది. 6.8.0 కంటే 6.9 పెద్ద నంబర్ కాబట్టి డిఫాల్ట్‌గా అదే పైకి వస్తుంది, ఉబుంటు కెర్నల్‌కు ఎన్ని అప్‌డేట్లు వచ్చినా మెషీన్ మాత్రం ఆ పాతబడిన టెస్ట్ బిల్డ్‌తోనే లేస్తుంటుంది.

అందుకే పని కాగానే తీసేయండి. రీబూట్ చేసేటప్పుడు ఎస్కేప్ కీ ఒక్కసారే నొక్కండి, రెండోసారి నొక్కితే గ్రబ్ ప్రాంప్ట్‌లో పడతారు. అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లో ఉబుంటు కెర్నల్ ఎంచుకుని, యూనేమ్ -ఆర్‌తో సరిచూసుకుని, ఆప్ట్ పర్జ్‌తో ఆ రెండు ప్యాకేజీలూ తొలగించండి. రిపోర్ట్‌లో పరీక్షించిన ప్రతి వెర్షన్ పూర్తి పేరు, దాని ఎదురుగా ఎర్రర్ వచ్చిందా లేదా, మొదటి ఊప్స్ పూర్తి పాఠం ఉండాలి. స్క్రీన్ ఫొటో కాదు, టెక్స్ట్ ఫైల్.