జీడిమెట్లలో వెదురు బొగ్గు మిల్లింగ్: మెష్ సరే, మైక్రాన్ల మాటేమిటి?

సబ్బుల్లో కలిపే పొడి కోసం జీడిమెట్ల పారిశ్రామికవాడలోని ఒక జాబ్‌వర్క్ యూనిట్‌లో వెదురు బొగ్గును మర పట్టించాను. పనితనం బాగుంది, బిల్లు మీద రాసిచ్చిన హామీ మాత్రం పనితనాన్ని మించిపోయింది.

బస్తా విప్పగానే వారు చూసేది తేమ. బొగ్గు గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది కనుక, ఆరబెట్టకుండా వేస్తే మిల్లు డ్రమ్ము గోడలకు పొడి అట్టకట్టి, లోపల దొర్లే బంతుల దెబ్బ బొగ్గు గింజలకు సరిగా తగలదు. సరిగా కాలక లోపల గోధుమరంగు నార మిగిలిన ముక్కలను ఏరి పక్కన పెట్టడం నాకు నచ్చింది. అవి పగలవు, నలిగి పీచవుతాయి.

హ్యామర్ మిల్లులో నలగ్గొట్టాక బొగ్గు బాల్ మిల్లుకు, అంటే బంతులు దొర్లుతూ నూరే ఆ డ్రమ్ముకు వెళుతుంది. వెదురులో సహజంగా ఉండే సిలికా కాల్చినా పోదు. అది ఉక్కు బంతులను అరగదీస్తుంది, అరిగిన ఇనుము పొడిలోనే చేరుతుంది. కాగితంలో చుట్టిన అయస్కాంతాన్ని ఉక్కు బంతులతో ఆడించిన నమూనాలో తిప్పితే సన్నని నూగు అంటుకుని వచ్చింది. జిర్కోనియా (పింగాణీ లాంటి గట్టి పదార్థం) బంతుల నమూనాలో అలాంటిదేమీ కనబడలేదు. ధర ఎక్కువే అయినా, ముఖానికి వాడే సబ్బుకు రెండోదే అడగండి.

చిక్కంతా మెత్తదనం లెక్క దగ్గర వచ్చింది. బిల్లు మీద "325 మెష్, 10 మైక్రాన్లు" అని రాశారు. మెష్ అంటే జల్లెడలో అంగుళానికి ఎన్ని కన్నులో చెప్పే లెక్క, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. 325 మెష్ జల్లెడ కన్ను దాదాపు 45 మైక్రాన్లు. దాని గుండా దిగిన పొడిలో 5 మైక్రాన్ల రేణువూ 40 మైక్రాన్ల రేణువూ పక్కపక్కనే ఉండవచ్చు. 10 మైక్రాన్లని చెప్పాలంటే లేజర్ కాంతితో రేణువుల సైజు కొలిచే లేజర్ డిఫ్రాక్షన్ పరీక్ష చేయించి, డి50 (పొడిలో సగం ఏ సైజుకు లోపుందో) ఎంతో డి90 (90 శాతం ఏ సైజుకు లోపుందో) ఎంతో విడివిడిగా చూపాలి. ఆ నివేదిక అడిగితే "వేలితో రుద్ది చూడండి సార్, పౌడరులా లేదూ?" అన్నారు. వేలికి మెత్తగానే ఉంది, కాదనను. కానీ వేలు మైక్రాన్లు కొలవదు కదా. ఇంకాసేపు తిప్పితే సరిపోతుందన్న సూచనా నన్ను ఒప్పించలేదు, ఎందుకంటే నీరు కలపని పొడి మిల్లింగ్‌లో ఒక హద్దు దాటాక సన్నని రేణువులు ఒకదానికొకటి అతుక్కుని ఉండలు కడతాయి, కరెంటు ఖర్చు మాత్రం పెరుగుతూ పోతుంది. నీటితో చేసే తడి మిల్లింగ్ సదుపాయం ఇక్కడ లేదు.

బొగ్గు ధూళి గాలిలో దట్టంగా లేస్తే నిప్పురవ్వకే పేలగలదు; జల్లెడ చుట్టూ మూత, దుమ్ము లాగే గొట్టం పెట్టి ఆ జాగ్రత్త బాగానే తీసుకున్నారు. ప్యాకింగే నాసిరకం.

సబ్బులకు, వాసన పీల్చే సంచులకు ఈ పొడి చాలు. టూత్‌పేస్టుకో ఇంకుకో అయితే డి90 అంకెను ఆర్డరు కాగితంలోనే రాయించి, నివేదిక చేతికి వచ్చాకే మిగతా సొమ్ము చెల్లించండి.