దోశల లెక్కకి ఏది మేలు: ఒక అక్షరమా, రెండా, అసలు అక్షరమే వద్దా?

ఇడ్లీ ప్లేటు 30 రూపాయలు, దోశ 50. మొత్తం 12 ప్లేట్లు, బిల్లు 440. దోశలెన్ని?

ఈ లెక్కకి మా నాన్న కాగితం ముట్టుకోరు. "అన్నీ ఇడ్లీలే అనుకో, 360 అవ్వాలి, 80 ఎక్కువొచ్చింది, దోశకీ ఇడ్లీకీ తేడా 20, అంటే నాలుగు దోశలు" అని టీ చల్లారేలోపు తేల్చేస్తారు. పదో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం ద + ఇ = 12, 50ద + 30ఇ = 440 అని రెండు సమీకరణాలు రాసి, మొదటిదాన్ని 30తో గుణించి, రెండోదాంట్లోంచి తీసేసి అర పేజీ నింపింది. జవాబు అదే 4.

మధ్యలో ఇంకో దారుంది. దోశలు ద అయితే ఇడ్లీలు ఎలాగూ 12 − ద, వాటికి వేరే అక్షరం దేనికి? 50ద + 30(12 − ద) = 440. బ్రాకెట్ విప్పితే 20ద + 360 = 440, అంటే 20ద = 80. నాన్న నోటితో చెప్పిన 360, 80, 20 ఇక్కడా అవే. ఆయన చేసిందీ ఆల్జీబ్రానే, ఒప్పుకోరంతే.

ధరలు తెలిసి సంఖ్యలు తెలియకపోతే నా ఓటు ఈ ఒక్క అక్షరానికే. ఆప్షన్లు ఇచ్చే కానిస్టేబుల్, గ్రూప్స్ లాంటి పరీక్షలైతే నాన్న పద్ధతి, ఎందుకంటే అక్కడ స్టెప్పులకి మార్కులుండవు. పైగా అది దొంగ లెక్కని కూడా పట్టిస్తుంది: బిల్లు 450 అన్నారనుకోండి, 90ని 20తో భాగిస్తే నాలుగున్నర దోశలు, అంటే బిల్లే తప్పు.

అసలు ధరలే తెలియకపోతే కథ మారిపోతుంది. 9వ శతాబ్దపు మహావీరాచార్యుడి గణితసారసంగ్రహంలో (పావులూరి మల్లన తెలుగు చేసింది దీన్నే) ఒక లెక్కుంది: 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి 107, 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు అయితే 101. ఒక్కోటి ఎంత? ఇక్కడ ఒకే అక్షరంతో వెళ్తే వెలగపండు ధర (107 − 9మ)/7 అవుతుంది, ఆ భిన్నాన్ని మోసుకుంటూ రెండో వాక్యంలోకి వెళ్లాలి, తప్పు దొర్లేది అక్కడే. రెండక్షరాలు పెట్టి రెండు వరసలూ కూడితే 16మ + 16వ = 208, అంటే జత 13. తీసేస్తే 2మ − 2వ = 6, తేడా 3. మాదీఫలం 8, వెలగపండు 5, అయిపోయింది. గుణించాల్సిన పనే పడలేదు. గ్రాఫ్ అంటారా, పరీక్షలో అడిగితే గీయండి, లేకపోతే వద్దు.

అయితే ఏ పద్ధతి ఎంచుకున్నా పైన ఒక వాక్యం రాసుకోవాలి: ద అంటే దోశల సంఖ్య, మ అంటే ఒక్క మాదీఫలం ధర. మా అమ్మాయి "ద = దోశ" అని మాత్రమే రాస్తుంది. దోశల లెక్కలో అలాగే గట్టెక్కింది కానీ, పండ్ల లెక్కకొచ్చేసరికి మ = 8 అని సరిగ్గానే తేల్చి, చివరి గీత కింద "8 మాదీఫలాలు" అని రాసిపెట్టింది.