కీరా హైబ్రిడ్లలో ఏ ఇంటికి ఏది మేలు?

విత్తనాల కొట్లో ‘హైబ్రిడ్ కీరా’ అని అడిగితే రెండు రకాల పొట్లాల్లో ఏదో ఒకటి చేతికొస్తుంది. మొదటిది పొలాల్లో రైతులు వేసే మామూలు హైబ్రిడ్. మాలిని ఈ కోవలోదే. రెండోది పాలీహౌస్‌ల కోసం తయారైన గింజలేని కీరా. మల్టీస్టార్ అలాంటిది. బొమ్మలు చూస్తే రెండూ ఆకుపచ్చ కాయలే, కానీ పెంచాల్సిన తీరు ఒకదానికీ రెండోదానికీ పొసగదు. బెజవాడలోనో గుంటూరులోనో మేడ మీద నాలుగైదు బ్యాగుల్లో కీరా వేద్దామనుకునేవాళ్ళు ముందు తేల్చుకోవాల్సింది దిగుబడి కాదు. ఆ మేడ మీదికి తేనెటీగలు వస్తున్నాయా, పాదు చుట్టూ పురుగుల వల కట్టగలరా, ఈ రెండే.

మామూలు హైబ్రిడ్ తీగకి మొగపూలు వేరు, ఆడపూలు వేరు. మొదట్లో కొన్ని రోజులు వరసగా మొగపూలే పూసి రాలిపోతాయి. అది రోగం కాదు, మందు కొట్టక్కర్లేదు. తర్వాత వెనక బుల్లి పిందెతో ఆడపువ్వు కనిపిస్తుంది. అది విచ్చుకుని ఉండేది ఒక్క రోజే, పని జరగాల్సింది పొద్దుటి పూటే. కాయ నిండుగా ఊరాలంటే ఆ ఒక్క పూటలో పువ్వు మీద తేనెటీగ దాదాపు పదిసార్లు వాలాలి. ఒకటి రెండుసార్లే వాలితే లోపల గింజలు అరకొరగా కట్టి, కాయ ఒక చివర సన్నబడి కొక్కెంలా వంకర తిరుగుతుంది.

గింజలేని కీరాకి ఈ తంటా లేదు. దాదాపు ప్రతి పువ్వూ ఆడపువ్వే, పుప్పొడి అందకపోయినా పిందె కాయవుతుంది. అయితే దీన్ని తేనెటీగలు తిరిగే చోట, మామూలు కీరా పక్కన పెడితే ఆ పుప్పొడి అంటుకుని గింజలు కడతాయి. కట్టిన వైపు కాయ ఉబ్బుతుంది, రూపు చెడుతుంది. తినడానికి పనికొస్తుంది గానీ, ఎక్కువ ధర పెట్టి కొన్న గింజ ఇచ్చే నునుపైన, గింజల్లేని కాయ మాత్రం దక్కదు. అందుకే రెండు రకాలూ ఒకే మేడ మీద కలిపి వేయడం చెడ్డ ఆలోచన. ఏదో ఒకటే వేయండి.

పొట్లం కొనేటప్పుడు ఒక తికమక ఉంది. ‘గైనోసియస్’ అంటే ఆడపూలే ఎక్కువ పూసేది అని మాత్రమే. పుప్పొడి లేకుండా కాసేదాన్ని ‘పార్థినోకార్పిక్’ అంటారు. మొదటి మాట ఒక్కటే రాసి ఉంటే ఆ తీగకి పుప్పొడి ఇంకో తీగ నుంచి అందాల్సిందే. కొన్ని కంపెనీలు అందుకోసమే మొగపూలిచ్చే గింజలు కొన్ని రంగు అద్ది పొట్లంలో కలుపుతాయి, వాటిని ఏరి పారేయకండి. ఇది కొత్త సంగతేమీ కాదు. 1970ల నాటి పూసా సంయోగ్ హైబ్రిడ్‌కి తల్లి వైపు వాడింది ఆడపూలే పూసే జపాన్ రకాన్నే. వల కింద వేయాలంటే పొట్లం మీద పార్థినోకార్పిక్ అన్న మాట ఉండి తీరాలి. ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థ ఇచ్చిన పూసా సీడ్‌లెస్ కుకుంబర్-6 కూడా వల కిందికి పనికొచ్చే గింజలేని కీరాయే, కాకపోతే అది హైబ్రిడ్ కాదు.

వల దగ్గరే తేడా తేలుతుంది

మన ఊళ్ళలో ఇంటి కీరాని పాడు చేసేవి ముఖ్యంగా రెండు: పండు ఈగ, తెల్లదోమ. పండు ఈగ లేత పిందెలోనే గుడ్లు పెడుతుంది. పైన సూది గుచ్చినట్టు చుక్క, అక్కడ జిగురు, కోస్తే లోపల తెల్లటి పురుగులు. తెల్లదోమ, పేనుబంక ఆకుల రసం పీల్చడంతో ఆగవు, వైరస్‌లు కూడా అంటిస్తాయి. ఆకు ముడతలు పడి పచ్చ, పసుపు మచ్చలు కలగలిసిన తీగకి మందు లేదు. పీకి సంచిలో కట్టి పారేయడమే.

ఆరడుగుల ఎత్తున పైపులతో చట్రం కట్టి 40 మెష్ (అంగుళానికి 40 కళ్ళున్న) వల చుట్టూ, పైనా వేస్తే పండు ఈగ లోపలికి రాదు, తెల్లదోమ చాలా వరకు ఆగుతుంది. తేనెటీగ కూడా రాదు. కాబట్టి వల కింద మామూలు హైబ్రిడ్ వేస్తే పిందెలన్నీ పసుపెక్కి రాలిపోతాయి. గింజలేని కీరా ఆ వల కోసమే పుట్టింది. అదే కీరాని వల లేకుండా ఆరుబయట పెడితే దాని సన్నటి తొక్క పండు ఈగకి ఇంకా తేలిక.

వలకీ ఇబ్బందులున్నాయి. గాలి ఆడదు. డిసెంబరు, జనవరిలో అది పెద్ద లోటు కాదు. మార్చి సగం దాటిందా, బెజవాడ మేడ మీద మధ్యాహ్నం ఆ వల లోపలి వేడికి తీగ వాలిపోతుంది, పిందెలు మాడిపోతాయి. తామర పురుగులు 40 మెష్‌లోంచి దూరగలవు. 50 మెష్ వాడితే అవి కొంత తగ్గుతాయి గానీ ఉక్క పెరుగుతుంది. మన ఎండలకి 40 మెష్ చాలు, లోపల పసుపు రంగు జిగురు అట్టలు రెండు వేలాడదీయండి. గాలి ఆడని చోట ఆకుల మీద తెల్లటి బూడిద తెగులు కూడా త్వరగా వస్తుంది. దానికి గంధకం పొడి కొట్టకండి, ఎండ పూట దోస జాతి ఆకుల్ని అది కాల్చేస్తుంది. ఒక వంతు పాలకి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి వారానికోసారి పొద్దున్నే పిచికారీ చేస్తూ, మచ్చలు పడ్డ కింది ఆకుల్ని తుంచేస్తుంటే అదుపులో ఉంటుంది.

ఆరుబయట వేసే మామూలు హైబ్రిడ్‌కి రక్షణ వేరే దారి. క్యూ-ల్యూర్ బిళ్ళ పెట్టిన ఎర బుట్ట ఒకటి వేలాడదీయాలి, అది మగ ఈగల్ని లాగుతుంది. ఆడ ఈగలు తప్పించుకుంటాయి కాబట్టి వేలెడంత పిందె మీదే కాగితం సంచి తొడగడం అంతకన్నా నమ్మకమైన పని. ఈగ కుట్టిన కాయల్ని కంపోస్టులో వేయకూడదు, నల్ల కవరులో మూతి కట్టి ఎండలో పడేయాలి. మొలకల్ని కొరికే ఎర్ర పెంకు పురుగుకి పొద్దున మంచు తడి మీద పొయ్యి బూడిద చల్లడం మన పాత పద్ధతే, ఇప్పటికీ పనిచేస్తుంది. 1500 పీపీఎం వేపనూనె లీటరుకి 5 మిల్లీలీటర్లు, రెండు చుక్కల సబ్బునీళ్ళతో కలిపి సాయంత్రం మాత్రమే కొట్టండి. పొద్దున కొడితే పువ్వుల మీదికొచ్చే తేనెటీగలు దూరమవుతాయి.

కొమ్మలు తుంచడంలో పొరపాటు

ఇంటర్నెట్‌లో చూసి మామూలు హైబ్రిడ్ తీగకి పక్కకొమ్మలన్నీ గిల్లేసేవాళ్ళు చాలామంది. ఆ పద్ధతి గింజలేని కీరాది. దానికి ప్రతి కణుపు దగ్గరా కాయ వస్తుంది. అందుకని ఒంటి తీగగా తాడుకి చుట్టి పైకి పంపాలి. కింది నుంచి నాలుగైదు కణుపుల దాకా పూలు, పక్కకొమ్మలు తీసేయాలి. ఆ వయసులో కాయలు మోస్తే వేరు బలపడదు, తీగ అక్కడే గిడసబారుతుంది. ఆ పైన పక్కకొమ్మలు మాత్రం తీస్తూ, పిందెలు ఉంచాలి. తీగ చట్రం పైకి చేరాక కొన తుంచి, రెండు పక్కకొమ్మల్ని కిందికి వేలాడనిస్తే ఇంకో విడత కాస్తుంది.

మామూలు హైబ్రిడ్‌కి నడిమి తీగ మీద మొగపూలు ఎక్కువ, ఆడపూలు ఎక్కువగా వచ్చేది పక్కకొమ్మల మీదే. వాటిని గిల్లితే కాపుని గిల్లినట్టే. నేల నుంచి అడుగు ఎత్తు వరకు శుభ్రం చేసి, ఆ పైన కొమ్మల్ని పందిరి మీద పారనివ్వండి. ఒక్కో కొమ్మ రెండు మూడు పిందెలు పెట్టాక కొన తుంచితే చాలు. పందిరికి కనీసం నాలుగడుగుల వెడల్పు కావాలి. బాల్కనీలో అంత చోటు లేనివాళ్ళకి ఒంటి తీగగా పెరిగే గింజలేని కీరాయే వీలు.

తిండి, నీళ్ళు

మట్టి విషయంలో రెండూ ఒకటే. 12 అంగుళాల వెడల్పు, 12 అంగుళాల లోతు ఉన్న బ్యాగుకి ఒక్క మొక్క, 15 అంగుళాలదైతే రెండు. రెండు వంతుల ఎర్రమట్టి లేదా కృష్ణ ఒండ్రు, ఒక వంతు వర్మీకంపోస్టు లేదా బాగా మాగిన పశువుల ఎరువు, ఒక వంతు కడిగిన కొబ్బరిపొట్టు, బ్యాగుకి 100 గ్రాముల వేపపిండి. గుంటూరు వైపు నల్లరేగడి చేతికి దొరుకుతుంది గానీ బ్యాగులో అది తడిస్తే ముద్ద, ఎండితే బీటలు. నాలుగో వంతుకి మించి కలపకండి. గింజని అర అంగుళం నుంచి ముప్పావు అంగుళం లోతులో నేరుగా బ్యాగులోనే పెట్టడం మేలు, కీరా వేరు కదిలితే ఓర్చుకోదు. ట్రేలో పెంచితే రెండు అసలు ఆకులు రాగానే వేళ్ళ చుట్టూ ఉన్న గడ్డ విడిపోకుండా మార్చాలి.

గింజలేని కీరా ఆకలి ఎక్కువ. ప్రతి కణుపుకీ కాయ మోసే తీగ కదా, కంపోస్టు ఒక్కటే పెట్టి వదిలేస్తే మొదటి నాలుగు కాయల తర్వాత మిగతా పిందెలు ఎండిపోతాయి. పూత దాకా వారానికోసారి 19:19:19 ఎరువు (నత్రజని, భాస్వరం, పొటాష్ సమంగా ఉండేది) లీటరు నీళ్ళకి 2 గ్రాములు, కాపు మొదలయ్యాక పొటాష్ ఎక్కువున్న 13:0:45 లీటరుకి 3 గ్రాములు కలిపి మొక్క మొదట్లో పోయాలి. కాల్షియం నైట్రేట్ ఇస్తే వేరే రోజున ఇవ్వండి, 19:19:19తో కలిపితే అడుగున తెల్లగా పేరుకుపోయి రెండూ దండగవుతాయి. మామూలు హైబ్రిడ్ ఇందులో సగం మోతాదుతో, పది రోజులకోసారి జీవామృతంతో సరిపెట్టుకుంటుంది. రసాయన ఎరువు ముట్టని ఇళ్ళకి అదే సరి.

నీళ్ళ విషయంలో దేనికీ మినహాయింపు లేదు. ఫిబ్రవరి నుంచి కాపు మీదున్న తీగ రోజుకి రెండు మూడు లీటర్లు తాగుతుంది. పొద్దున, సాయంత్రం రెండు విడతలుగా పోయాలి. బోరు నీళ్ళు ఉప్పగా ఉంటే ఆకు అంచులు మాడతాయి. వారంలో రెండుసార్లయినా మంచినీళ్ళు బ్యాగు అడుగు నుంచి కారేదాకా పోసి ఆ ఉప్పు కడిగేయాలి.

పిందె పసుపెక్కి రాలుతుంటే కారణం రకాన్ని బట్టి మారుతుంది. మామూలు హైబ్రిడ్‌లో అయితే నూటికి తొంభై పాళ్ళు పుప్పొడి అందలేదనే అర్థం. పొద్దున తొమ్మిదిలోపు విచ్చిన మొగపువ్వు రేకులు తీసి, నడిమి కేసరాన్ని ఆడపువ్వు మధ్యలోని మూడు పాయల కీలాగ్రానికి నెమ్మదిగా రాయండి. ఇందుకోసమైనా కనీసం మూడు మొక్కలు వేయాలి, ఒక్క మొక్క మీద మొగ, ఆడ పూలు ఒకే రోజు దొరకడం కష్టం. గింజలేని కీరాలో పిందె రాలితే పుప్పొడితో పని లేదు. ఎరువు చాలకనో, అయిదారు గంటల ఎండ లేకనో, మోయలేనన్ని కాయలు ఒకేసారి ఉంచడం వల్లో అయి ఉంటుంది. కొన్ని పిందెల్ని మీరే తుంచితే మిగతావి నిలుస్తాయి.

చేదు, రుచి, ఖర్చు

పక్కన దోసపాదు ఉంటే కీరా చేదెక్కుతుందన్న మాట నిజం కాదు. మన పప్పులో వేసే పసుపు దోస, కీరా వేరు వేరు జాతులు, ఒకదాని పుప్పొడి ఇంకోదానికి పట్టదు. చేదు తీగలోనే పుట్టే కుకర్బిటాసిన్ అనే పదార్థం వల్ల వస్తుంది. నీళ్ళెద్దడి, వేడి పెరిగితే అదీ పెరుగుతుంది, తొడిమ వైపు ఎక్కువ చేరుతుంది. గింజలేని రకాల్లో చాలా వాటిని చేదు రాకుండానే తయారు చేశారు. మామూలు హైబ్రిడ్‌లో నీళ్ళు ఒక రోజు తప్పినా మార్చి కాయ చేదు కావచ్చు.

తినడానికి గింజలేనిది తొక్కతో సహా కరకరలాడుతుంది. కానీ కోసిన రెండో రోజుకే వడిలిపోతుంది, ఫ్రిజ్‌లో కవరులో పెట్టాల్సిందే. పెరుగు పచ్చడికీ, ఎండలో పడి ఆఫీసుకి తీసుకెళ్ళడానికీ మామూలు హైబ్రిడ్ గట్టిగా నిలుస్తుంది. గింజలేనిది జానెడు లోపే కోయాలి. మామూలుది 15 నుంచి 20 సెంటీమీటర్ల మధ్య కోయాలి. ఒక్క కాయని ముదరనిచ్చి తీగకి వదిలేసినా కొత్త పిందెలు తగ్గుతాయి. గింజ వేసిన 40 రోజులకి గింజలేనిది, ఇంకో వారానికి మామూలుది మొదటి కాయ ఇస్తాయి.

ఖర్చులో పోలికే లేదు. గింజలేని కీరా విత్తనం గింజ లెక్కన అమ్మేంత ఖరీదు, పైగా వల, చట్రం. గింజ దాచుకోవడం ఎలాగూ కుదరదు. మామూలు హైబ్రిడ్ కాయ గింజలు మొలుస్తాయి గానీ తల్లిలా కాయవు, కాబట్టి ఏటా పొట్లం కొనక తప్పదు.

కాబట్టి పెరడో, చుట్టూ చెట్లో ఉండి పొద్దున పువ్వుల మీద తేనెటీగలు కనిపించే ఇంటికి మామూలు హైబ్రిడ్ వేయండి. అక్కడ వల ఖర్చు పెట్టడం అనవసరం. నాలుగైదు అంతస్తుల అపార్ట్‌మెంట్ బాల్కనీలకి, తెల్లదోమతో ఇప్పటికే బెండ, వంగ పోగొట్టుకున్న మేడలకి వల, గింజలేని కీరా జంటే మేలు. వల కట్టే ఉద్దేశం లేకపోతే ఆ విత్తనం జోలికి పోవద్దు.

రెండింటికీ మంచి అదను నవంబరు రెండో సగం నుంచి జనవరి ఆఖరు వరకు. అక్టోబరులో వేస్తే తుపాను వానల తడికి ఆకు పైన ఈనెల మధ్య పలకలు పలకలుగా పసుపు మచ్చలు, అడుగున బూజు తెగులు వచ్చే ప్రమాదం ఎక్కువ. జూన్, జూలైలో మామూలు హైబ్రిడ్ వేయొచ్చు, గాలి ఆడేలా ఎడం పెంచి, ఆకుల మీద నీళ్ళు పడకుండా మొక్క మొదట్లోనే పోస్తే. ఫిబ్రవరి సగం తర్వాత మాత్రం రెండూ వద్దు. పగలు పొడవై, ఎండ 35 డిగ్రీలు దాటితే మామూలు హైబ్రిడ్ ఎక్కువగా మొగపూలే పూస్తుంది, వల కిందిది ఉక్కకి వాడిపోతుంది. అప్పుడు ఆ బ్యాగుల్లో పసుపు దోస గింజలు పెట్టండి, మన వేసవిని అది కీరా కన్నా బాగా తట్టుకుంటుంది.