గాజు గోడా, కోర్ట్‌యార్డా, మేడ మీద హాలా... ఏది మేలు?

ఇల్లు కట్టుకుందామనుకునే ఎవరైనా ప్లాన్ గీసేవాళ్ల దగ్గర ఒకటే పాట పాడతారు, వ్యూ బాగుండాలి, బయట కూర్చోడానికి చోటుండాలి, కానీ పక్కింటివాళ్లకి మనం కనపడకూడదు అని. ఈ మూడూ ఒకే గోడతో తీరవండీ, నాకది ఇల్లు కట్టేశాక గానీ బుర్రకెక్కలేదు.

ముందు గాజు గోడ. ఫొటోల్లో దీన్ని కొట్టేది లేదు, ఎందుకంటే వాటిలో చాలావరకు పగటిపూట తీసినవే. చీకటి పడి లోపల లైటు వేశామా సీన్ రివర్స్, మనకి గాజులో మన మొహమే కనిపిస్తుంది, బయటోళ్లకి మాత్రం మన కంచంలో ఏముందో కూడా తెలిసిపోతుంది. రిఫ్లెక్టివ్ ఫిల్మ్ అతికించుకోమంటారు చాలామంది, కానీ అది వెలుతురు ఎక్కువున్న వైపే అద్దంలా పనిచేస్తుంది, రాత్రిపూట ఆ వెలుతురు ఉండేది మన వైపే కదా! చివరికి మేం చేసిందేంటంటే, వ్యూ కోసం పెట్టిన గాజుకి పైనుంచి కిందదాకా కర్టెన్లు వేశాం. మాది చిన్న కథలెండి, మీస్ వాన్ డెర్ రోహె అనే పేరున్న ఆర్కిటెక్ట్ అమెరికాలో డిజైన్ చేసిన ఫార్న్స్‌వర్త్ హౌస్ అనే ఇల్లు 1951లో పూర్తయింది, నాలుగు వైపులా గాజే, చుట్టూ చెట్లు, పక్కనే నది, అయినా ఆ ఇంటావిడ ప్రైవసీ లేదనే గోల పెట్టింది. పడమర వైపు గాజు పెడితే సాయంత్రం ఎండ అడ్డంగా లోపలికి కొడుతుంది, అది వేరే బాధ, పైన సన్‌షేడ్ ఎంత పొడుగున్నా ఆగదు.

కోర్ట్‌యార్డ్ అయితే నా ఓటు దీనికే. ఇల్లు ఎల్ ఆకారంలో కట్టి మిగతా రెండు వైపులా గోడ లేపితే మధ్యలో చోటు పూర్తిగా మనది, నైటీలో కూర్చున్నా అడిగేవాడు లేడు, వంట చేస్తూనే పిల్లలు ఏం చేస్తున్నారో చూసుకోవచ్చు. సిడ్నీ ఒపెరా హౌస్ డిజైన్ చేసిన యోర్న్ ఉట్జన్ 1950ల్లోనే డెన్మార్క్‌లో ఇలాంటి ఇళ్ల కాలనీయే కట్టాడు. కాకపోతే దూరపు వ్యూ పోతుంది, ఇంకోటి, వెడల్పు కనీసం గోడ ఎత్తంత కూడా లేకపోతే బావిలో కూర్చున్నట్టే ఉంటుంది. లోపలి ఫ్లోర్ కంటే ఇది ఒక మెట్టు కిందకి ఉండాలి, వాలు, డ్రెయిన్ సరిగ్గా చూసుకోకపోతే వాన నీళ్లు తిన్నగా హాల్లోకే.

మేడ మీద హాల్ పెడితే వ్యూ అదిరిపోద్ది, రోడ్డు మీదవాళ్లకి కనపడం, కానీ నేల దూరమైపోతుంది, కాఫీ తాగడానికి చెట్టు కిందికి వెళ్లాలంటే మెట్లు దిగాలి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లుంటే అసలు ఆలోచించకండి. బాల్కనీ ఆరడుగుల లోతు లేకపోతే బట్టలారేయడానికే.

నన్నడిగితే కోర్ట్‌యార్డ్ పెట్టుకుని, వ్యూ ఉన్న వైపు మాత్రం ఒక్కటే పెద్ద కిటికీ. కుర్చీలో కూర్చుంటే కళ్లు నేల నుంచి సుమారు నాలుగడుగుల ఎత్తులో ఉంటాయి, కాబట్టి కిటికీ అంచు రెండున్నర అడుగుల్లో పెట్టినా వ్యూకి ఢోకా లేదు. ఫ్లోర్‌ని రోడ్డు కంటే మూడడుగులు లేపితే దారిన పోయేవాళ్లకి సీలింగ్ తప్ప పెద్దగా ఏం కనపడదు.

ప్లాన్ ఫైనల్ చేసేముందు ఖాళీ స్థలంలో కుర్చీ వేసుకుని కూర్చోండి, ఇంట్లోవాళ్లని రోడ్డు మీద అటూ ఇటూ నడవమనండి. రాత్రి కూడా ఓసారి వెళ్లండి, పక్క మేడ మీద ఏ కిటికీల్లో లైట్లు వెలుగుతున్నాయో చూస్తే, పైనుంచి కోర్ట్‌యార్డ్‌లోకి కనపడకుండా పందిరి ఎటు వేయాలో మీకే తెలిసిపోతుంది.