జ్ఞానతృష్ణ కోసమే పీహెచ్‌డీ: పట్టా చేతికొచ్చాక నా సమీక్ష

పదోన్నతి అవసరం గానీ, అధ్యాపక పదవి మీద ఆశ గానీ లేకుండా, చదువు మీద ఇష్టం ఒక్కటే పెట్టుబడిగా నిఘంటు నిర్మాణ శాస్త్రంలో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీలో చేరాను. అదే ఆలోచనలో ఉన్నవారి కోసం, ఈ చదువును డబ్బు పెట్టి కొన్న వస్తువులాగే తూచి చెబుతాను.

బోలెడు పుస్తకాలు చదవవచ్చునని చేరినవారికి మొదట నిరాశే ఎదురవుతుంది. పూర్వపరిశోధనల సమీక్ష పేరుతో తొలి ఏడాది మనసుకు నచ్చినవన్నీ చదివాను. ఆపైన ఏటికేడూ దారి ఇరుకైపోయి, చివరకు ఒకే ఒక నిఘంటువు దగ్గర ఆగింది. సిద్ధాంత గ్రంథానికి కావలసింది అంతకుముందు ఎవరూ చెప్పని ఒక్క మాట, దాన్ని నిలబెట్టే ఆధారం; మిగిలిన చదువంతా మన సొంత ఖాతాలోకే పోతుంది.

అయితే ఆ ఆధారం దగ్గరే నాకు అసలు రుచి తెలిసింది. ఆ నిఘంటువు రెండో ముద్రణలో కనబడని పదాలను సంపాదకుడే కావాలని తొలగించాడని మూడో అధ్యాయంలో రాస్తే, గైడ్‌గారు ఆ వాక్యం పక్కన పెన్సిలుతో ‘ఎలా తెలుసు?’ అని రాసి తిప్పి పంపారు. ఆ పదాలను నేను అర్థాన్ని బట్టి వర్గాలుగా విడదీసుకున్నాను గనుక, అవి ఏ పేజీలవో అప్పటిదాకా గమనించలేదు. రెండు ముద్రణలనూ పక్కపక్కన పెట్టుకొని వరుస వెంట వరుస వేలితో చూసుకుంటూ పోతే, అవన్నీ మొదటి ముద్రణలో వరుసగా ఉన్న 16 పేజీలలోనివేనని, అంటే అచ్చుకిచ్చిన ప్రతిలో ఒక ఫారం (ఒకే పెద్ద కాగితం మీద అచ్చువేసి మడిచే 16 పేజీల కట్ట) జారిపోయి ఉండాలని తేలింది. ఏడాది శ్రమతో కట్టిన వాదం కూలిపోయింది గానీ, ఆ రాత్రి కలిగినంత సంతోషం పట్టా అందుకున్న రోజున కలగలేదు.

1861లో యేల్ విశ్వవిద్యాలయం అమెరికాలో తొలి పీహెచ్‌డీలు ఇచ్చినప్పుడు వాటిలో ఒక సిద్ధాంత గ్రంథం లాటిన్‌లో ఆరు పేజీలేనట. నా గ్రంథసూచి ఒక్కటే అంతకు మించింది.

నాలుగు విషయాలు తెలుసుకునే ఆనందం చాలనుకునేవారికి మంచి గ్రంథాలయంలో సభ్యత్వం సరిపోతుంది. తేల్చుకోలేనివారు చేరకముందే ఒక ప్రశ్నను ఎంచుకొని, ఆరు నెలలు పనిచేసి, ఇరవై పేజీలు రాసి, ఆ రంగం ఎరిగినవారి చేత నిర్దాక్షిణ్యంగా దిద్దించుకోవాలి. ఆ దిద్దుబాట్లు చూశాక మళ్లీ రాయాలనిపిస్తే దరఖాస్తు పెట్టుకోవచ్చు.

అయిదుకు నాలుగు మార్కులు వేస్తున్నాను. తగ్గించిన ఆ ఒక్క మార్కు, నా పురోగతి నివేదికను రెండుసార్లు పోగొట్టి మూడోసారి నన్నే ఆలస్య రుసుము కట్టమన్న కార్యాలయానిది.