నాయన చేతుల కోసం కొన్న లెన్స్: క్యానన్ 50 ఎంఎం ఎఫ్ 1.8 ఎస్‌టీఎం

మా నాయన నల్లగొండ డిపోలో ఆర్టీసీ కండక్టర్‌గా చేసి రిటైరయ్యాడు. ఇప్పటికీ చేతికి కాగితం దొరికితే చాలు, నిలువుగా మడిచి వేళ్ల సందున పెట్టుకుంటాడు. మందుల షాపు బిల్లయినా, పది రూపాయల నోటయినా అంతే. తనకు తెలియకుండానే చేసే పని. ఫొటో తీస్తున్నానని తెలిస్తే మాత్రం లుంగీ సర్దుకుని నిటారుగా కూర్చుంటాడు.

తనకు తెలియకుండా ఆ చేతుల్ని తీయాలి. కెమెరాతో వచ్చిన 18-55 కిట్ లెన్స్‌తో సాయంత్రం పూట ఆ ఫొటో సరిగ్గా రాదు. జూమ్ చేస్తే ఎపర్చర్, అంటే లెన్స్‌లో వెలుతురు వచ్చే రంధ్రం, 5.6కి వెళ్లిపోతుంది (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది). తక్కువ వెలుతురులోనూ బొమ్మ వెలుగ్గా వచ్చేలా చేసే ఐఎస్‌ఓ పెంచితే బొమ్మంతా గరుకు. ఫ్లాష్ కొడితే నాయన ఉలిక్కిపడతాడు. ఈ 50 ఎంఎం లెన్స్ 1.8 దగ్గర దానికన్నా దాదాపు 10 రెట్లు వెలుతురు తీసుకుంటుంది. కిటికీ వెలుతురే సరిపోతుంది.

క్రాప్ సెన్సర్ (ఫుల్‌ఫ్రేమ్ కన్నా చిన్న సెన్సర్) కెమెరా మీద ఇది 80 ఎంఎం లెన్స్‌లా, అంటే ఇంకాస్త దగ్గరగా చూపిస్తుంది. పక్క కుర్చీలో కూర్చుంటే చాలు, ఒళ్లో పెట్టుకున్న చేతులు ఫ్రేము నిండా వస్తాయి. బిల్లు మడత మీద బొటనవేలితో ఒకసారి గట్టిగా రాస్తాడు, తర్వాత చూపుడువేలికీ మధ్యవేలికీ నడుమ దోపుతాడు. రోజూ చూసే చెయ్యే. కానీ ఫొటోలో నాకు ఆఖరి ట్రిప్పు దిగి వచ్చి, మంచం మీద చిల్లర పోసి లెక్కపెట్టుకునే మనిషి కనిపించాడు. మ్యాట్ పేపర్ మీద ప్రింట్ వేయించి ఇస్తే అమ్మ చాలాసేపు కింద పెట్టలేదు. "మొఖం లేకున్నా మీ నాయనే అని తెలుస్తుంది" అంది.

దగ్గరి నుంచి 1.8లోనే తీస్తే ఒక వేలు స్పష్టంగా వచ్చి పక్కది మసకబారుతుంది. నేను 2.8 దగ్గర పెడతాను. ఇందులో చెయ్యి వణుకును సరిచేసే స్టెబిలైజర్ లేదు కాబట్టి షట్టర్ వేగం సెకనులో 1/125 కన్నా తగ్గించను. మోటార్ చప్పుడు పాత మోడల్ కన్నా చాలా తక్కువ. పక్కనే కూర్చుని తీసేవాళ్లకు ఇది పెద్ద విషయం.

ఇంటిల్లిపాదినీ ఒకే ఫొటోలో పట్టాలంటే మాత్రం కష్టం. మా హాల్లో గోడకు ఆనుకున్నా పట్టరు. నల్లగొండ దగ్గరి పానగల్లు ఛాయా సోమేశ్వరాలయానికి తీసుకెళ్తే స్తంభాల మీది చెక్కడాలకు చక్కగా పనికొస్తుంది, గుడి మొత్తానికి కాదు.

ఇంట్లో మనుషుల్ని వాళ్ల పనుల్లో వాళ్లుండగా తీయాలనుకుంటే, కిట్ లెన్స్ తర్వాత ముందు దీన్నే కొనమంటాను. ఇది ఈఎఫ్ మౌంట్ (కెమెరాకు బిగించే పద్ధతి) లెన్స్, క్యానన్ డీఎస్‌ఎల్‌ఆర్‌లకు నేరుగా సరిపోతుంది. క్యానన్ కొత్త ఆర్‌ఎఫ్ మౌంట్ మిర్రర్‌లెస్ కెమెరా ఉన్నవాళ్లు అడాప్టర్ పెట్టుకోవాలి, లేదంటే అదే 50 ఎంఎంలో ఆర్‌ఎఫ్ మోడల్ విడిగా ఉంది, అది అడగండి.